నీటి అడుగు ఫొటోలు: కెమెరా ఆఖర్న ఎంచుకోవాలి

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున నడుం లోతు నీళ్లలో నిలబడి తల వంచి చూస్తే మన పాదాలు మనకు కనిపించని రోజులే ఎక్కువ. వానాకాలంలో రుషికుల్యా, బాహుదా నదుల ఎర్రనీళ్లు వచ్చి కలిస్తే మోకాళ్లు కూడా కనిపించవు. బరంపురంలో పుట్టి పెరిగిన నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన సముద్రం ఇదే. నీటి అడుగు ఫొటోల గురించి ఎక్కడ చదివినా గాజులా మెరిసే నీలం నీళ్లు, వాటిలో తేలిపోయే పెద్ద పెద్ద చేపలు కనిపిస్తాయి. ఆ నీళ్లకు పనికొచ్చే సలహా మన నీళ్లకు చాలాసార్లు పనికిరాదు. ఈ తేడా ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్లే మనవాళ్లు చాలామంది డబ్బు పోసి తప్పు సామాను కొంటున్నారు.

పోయిన చలికాలంలో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. విశాఖ వెళ్లి రుషికొండ దగ్గర డైవింగ్ నేర్చుకుని వచ్చాడు. "మావయ్యా, లెన్స్ మార్చుకునే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొందామనుకుంటున్నాను. ఏది బాగుంటుంది?" అన్నాడు.

"ఏ నీళ్లలో దిగుతావు? ఏం తీద్దామని?" అన్నాను.

కెమెరా సంగతి అడిగితే నీళ్ల సంగతి ఎందుకని వాడికి అర్థం కాలేదు. ఆ రోజు ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేల మీద కెమెరా కొనే వరస మనందరికీ తెలుసు. ముందు బాడీ కొంటాం, దాంతో వచ్చిన కిట్ లెన్స్‌తో మొదలుపెడతాం, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకో లెన్స్ కొంటాం. నీటి అడుగుకు వెళ్లేవాళ్లకు ఈ వరస తిరగబడుతుంది. అక్కడ కెమెరా ఒక గట్టి పెట్టెలో కూర్చుంటుంది, దాన్నే హౌసింగ్ అంటాం. ఆ పెట్టెను ఫలానా కెమెరా కోసమే చెక్కుతారు. పెట్టె ముందు అద్దాన్ని పోర్టు అంటాం, అది ఫలానా లెన్స్‌కే కుదురుతుంది. మీరు తీయాలనుకున్న జీవికి ఏ లెన్స్ కావాలో నీళ్లు తేలుస్తాయి. అంటే నీళ్లు లెన్స్‌ను, లెన్స్ పోర్టును, పోర్టు హౌసింగ్‌ను, హౌసింగ్ కెమెరాను నిర్ణయిస్తాయి. బాడీ ముందు కొనేసినవాళ్లు దానికి హౌసింగే దొరక్క, దొరికినా తమ లెన్స్‌కు పోర్టు లేక ఆగిపోవడం నేను చూశాను.

నీళ్లు ఏం చేస్తాయి

ఇంట్లో ఒక ఖాళీ గిన్నె అడుగున రూపాయి బిళ్ల పెట్టండి. గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ల కనిపించకుండా పోయేదాకా వెనక్కి జరగండి. అక్కడే కదలకుండా నిలబడి, ఇంకొకరిచేత గిన్నెలో మెల్లగా నీళ్లు పోయించండి. ఇందాక దాక్కున్న బిళ్ల పైకి లేచినట్టు కంటికి కనిపిస్తుంది. వెలుగు నీళ్లలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. నీటి అడుగు కెమెరా సామాను ధరలన్నీ చివరికి ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి.

హౌసింగ్ ముందు బల్లపరుపు అద్దం ఉంటే, నీళ్లలో ఉన్న వస్తువు అసలు దూరంలో ముప్పావు వంతు దూరంలోనే ఉన్నట్టు, మూడో వంతు పెద్దదైనట్టు కనిపిస్తుంది. చిన్న జీవుల్ని తీసేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. విశాలమైన దృశ్యం కావాలంటే మాత్రం దెబ్బ. నేల మీద 28 మి.మీ. లెన్స్ చూపించే వెడల్పు, బల్లపరుపు అద్దం వెనక 37 మి.మీ. లెన్స్ చూపించేంతకు కుంచించుకుపోతుంది. అంచుల్లో రంగులు కూడా చెదురుతాయి.

దీనికి విరుగుడు డోమ్ పోర్టు, అంటే సగం గోళంలా ఉబ్బిన అద్దం. దాంతో లెన్స్ అసలు వెడల్పు తిరిగి వస్తుంది. అయితే డోమ్ ఇంకో తిరకాసు తెచ్చిపెడుతుంది. నీళ్లలో డోమ్ కూడా ఒక లెన్స్‌లా పనిచేసి, దూరంగా ఉన్నవాటి ప్రతిబింబాన్ని తన ముందే దగ్గరగా నిలబెడుతుంది. ఎంతో దూరంలో ఉన్న వస్తువు ప్రతిబింబం కూడా డోమ్ వ్యాసార్ధానికి సుమారు మూడు రెట్ల దూరంలోనే ఏర్పడుతుంది. డోమ్ వ్యాసార్ధం 5 సెం.మీ. అయితే, కనుచూపు మేరలో ఉన్న పడవ అడుగుభాగం కూడా మీ లెన్స్‌కు అద్దం ముందు 15 సెం.మీ.లో ఉన్నట్టే లెక్క. అంత దగ్గర ఫోకస్ చేయలేని లెన్స్‌ను డోమ్ వెనక పెడితే ప్రతి ఫొటో మసకే. హౌసింగ్ కంపెనీలు ఏ లెన్స్‌కు ఏ పోర్టు అని పెద్ద పట్టికలు వేయడానికి కారణం ఇదే. కెమెరా వెబ్‌సైట్ కన్నా ముందు ఆ పట్టిక చూడండి. అందులో లేని లెన్స్ ఎంత మంచిదైనా నీళ్లలో మీకు అక్కరకు రాదు.

రంగుల విషయం త్వరగా చెప్పేస్తాను. నీళ్లు ముందు ఎరుపును మింగేస్తాయి. 5 మీటర్లు దిగేసరికి అది చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. వెలుగు పైనుంచి చేపదాకా వచ్చే దూరంతో పాటు చేప నుంచి కెమెరాదాకా వచ్చే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 3 మీటర్ల లోతులో, 2 మీటర్ల దూరంలో ఉన్న చేపను తీస్తే ఆ రంగు 5 మీటర్ల నీళ్లను దాటి వచ్చినట్టు. అందుకే దగ్గరికి వెళ్లడం, సొంత వెలుగు తీసుకెళ్లడం తప్ప గత్యంతరం లేదు.

ఇక మన అసలు బాధ మడ్డి. శీతాకాలం తెల్లవారుజామున హైవే మీద మంచు పట్టినప్పుడు లారీ హై బీమ్ వేస్తే ముందు తెల్లగోడ లేచినట్టు ఉంటుంది కదా, మడ్డినీళ్లలో ఫ్లాష్ వేస్తే అంతే. నీళ్లలో తేలే ఒక్కో రేణువూ మెరిసి ఫొటో నిండా తెల్లచుక్కలు పడతాయి. డైవింగ్ ఫొటోలు తీసేవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. నీళ్లలో ఎంత దూరం కనిపిస్తోందో అందులో నాలుగో వంతు కన్నా దూరంలో ఉన్నదాన్ని తీయకూడదు. 4 మీటర్లు కనిపిస్తే మీటరు లోపు. 2 మీటర్లే కనిపిస్తే మూర, అంతకన్నా దగ్గర. ఆంధ్ర, ఒడిశా తీరంలో 2 నుంచి 4 మీటర్లు కనిపించే రోజే ఎక్కువసార్లు మన వాటాకు వస్తుంది.

లెన్స్ సంగతి

ఈ లెక్క చూశాక లెన్స్ దానంతట అదే తేలుతుంది. మీ డైవింగ్ ఎక్కువగా మన తీరం వెంబడే అయితే మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్స్ కొనండి. మడ్డినీళ్లలో తిమింగలం వచ్చినా ఫొటో రాదు. కానీ రాతి సందులోంచి తల బయటపెట్టే బొటనవేలంత చేప, గాజులాంటి రొయ్య, వేలిగోరంత ఉండి పండగపూట ముగ్గులా రంగులు పోసుకున్న పెంకులేని సముద్రపు నత్త మాత్రం అద్దానికి జానెడు దూరంలోనే దొరుకుతాయి. జానెడు నీళ్లలో మడ్డి ఎంత ఉంటుంది? చూసేవాళ్లకు అది అండమాన్ నీళ్లో, రుషికొండ నీళ్లో తేడా తెలియదు.

మాక్రోలో కూడా ఒక చిక్కుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ రకం కెమెరాలకు ఒలింపస్ 60 మి.మీ. మాక్రో 2012 నుంచీ ఉంది, నీళ్లలో ఎంతోమంది వాడే లెన్స్ అది. జీవిని దాని అసలు సైజులో సెన్సర్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మను పట్టే పలక మీద పడేస్తుంది, భయపడి పారిపోయే వాటికి కాస్త ఎడం కూడా ఇస్తుంది. కానీ చేయంత చేప ఎదురైతే ఫ్రేములో పట్టించడానికి వెనక్కి జరగాలి, జరిగితే మధ్యలో మడ్డి చేరుతుంది. అదే కంపెనీ 30 మి.మీ. మాక్రోకు ఆ ఇబ్బంది లేదు, కానీ పూర్తి మాగ్నిఫికేషన్‌లో జీవికీ లెన్స్‌కూ మధ్య దూరం సెంటీమీటరున్నర కూడా ఉండదు. మధ్యలో పోర్టు అద్దం కూడా ఉందాయె, జీవికి ముక్కు తగిలినంత పని అవుతుంది. రెండింటి మధ్య పానసోనిక్ 45 మి.మీ. మాక్రో ఉంది. మడ్డి ఎక్కువ ఉండే చోట, చేపలూ చిన్న జీవులూ కలిపి తీసేవాళ్లకు ఈ మధ్యరకం లెన్సే హాయి అని నా అభిప్రాయం.

అండమాన్ స్వరాజ్ ద్వీప్ వైపో, లక్షద్వీప్‌కో ఏటా వెళ్లగలిగే వాళ్ల మాట వేరు. అక్కడ నీళ్లు తేట, కాబట్టి చాలా విశాలంగా చూపించే ఫిష్‌ఐ లెన్స్, దాని డోమ్ ఆనందం ఇస్తాయి. ఫిష్‌ఐతో గీతలు వంకరపోతాయని నేల మీద వద్దంటారు గానీ, పగడపు దిబ్బల్లో తిన్నటి గీతలు ఎక్కడుంటాయి? పైగా అద్దం తగిలేంత దగ్గరికి వెళ్లి కూడా వెనక సముద్రమంతా చూపించొచ్చు.

ఇక్కడ అందరూ మర్చిపోయే విషయం ఒకటి చెప్పాలి. లెన్స్ మార్చుకునే కెమెరా అని కొంటాం, కానీ నీళ్లలో మార్చలేం. మాక్రో పెట్టుకుని దిగిన రోజే పెద్ద తాబేలు పక్కనుంచి వెళ్తుంది. అందుకు పరిష్కారం వెట్ లెన్స్. పోర్టు బయట 67 మి.మీ. మరతో బిగించే అదనపు అద్దం, నీళ్లలోనే తగిలించి నీళ్లలోనే తీసేయొచ్చు. కిట్ జూమ్ లెన్స్, బల్లపరుపు పోర్టు, ఒక మాక్రో వెట్ లెన్స్, తర్వాత డబ్బు కుదిరితే ఒక వైడ్ వెట్ లెన్స్. ఇంకా ఏది ఇష్టమో తేల్చుకోని వాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. మా మేనల్లుడికి చివరికి ఇదే చెప్పాను.

చిన్న సెన్సర్ ఎందుకు చాలు

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6. ఒలింపస్, పానసోనిక్ కలిసి 2008లో మొదలుపెట్టిన మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. నేల మీద అయితే చీకట్లో పెద్ద సెన్సర్‌దే పైచేయి. కానీ నీళ్లలో మాక్రో తీసేటప్పుడు వెలుగంతా మన ఫ్లాష్‌దే. వెలుగుకు సెన్సర్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ అంకె 200 దాటాల్సిన పని రాదు, కాబట్టి పెద్ద సెన్సర్ బలం అక్కడ వాడకంలోకే రాదు. పైగా ఒకే ఫ్రేముకు చిన్న సెన్సర్ మీద లెన్స్ రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెడితే వచ్చే స్పష్టత లోతు, ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్ 16 పెడితే గానీ రాదు. రొయ్య కన్నూ మీసమూ రెండూ ఫోకస్‌లో ఉండాలంటే ఇది బాగా ఉపయోగపడుతుంది.

సెన్సర్ చిన్నదైతే లెన్స్ చిన్నది, దాంతో డోమ్, హౌసింగ్, ప్రయాణపు పెట్టె అన్నీ చిన్నవి. దేశంలో విమానం ఎక్కితే మామూలు టికెట్ మీద 15 కిలోల లగేజీ, చేతిలో 7 కిలోలు. డైవింగ్ సామాను అందులోనే సర్దాలి. విడి లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలి. ఈ తూకం వేసుకుంటే చిన్న కెమెరా ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏపీఎస్-సీలో సోనీ ఏ6000 వరసకు, అంటే 2014లో వచ్చిన మొదటి మోడల్ నుంచి 2019 నాటి ఏ6400 దాకా, చవక హౌసింగ్‌లు బాగా దొరుకుతాయి. ఫోకస్ వేగం కూడా మంచిదే. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో మాక్రో, ఫిష్‌ఐ లెన్స్‌ల ఎంపిక ఎక్కువ. ఒలింపస్ కెమెరాల వ్యాపారం 2021 జనవరిలో ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతికి వెళ్లింది, పాత ఒలింపస్ లెన్స్‌లు కొత్త ఓఎం బాడీలకూ సరిపోతాయి. వీడియో ఎక్కువ తీసేవాళ్లు ఒక్కటి చూసుకోండి. నీటి అడుగున తెల్లపలక చూపించి వైట్ బ్యాలెన్స్ పట్టుకోవడం, అంటే రంగులు సరిచేసుకోవడం కొన్ని కెమెరాలకు చేతకాదు. లైటు లేకుండా తీసిన వీడియో మొత్తం ఆకుపచ్చగా పోతుంది.

లెన్స్ మార్చుకునే వాటిలో హౌసింగే అక్కర్లేని కెమెరా ఉండదా అని అడిగేవాళ్లూ ఉంటారు. ఉండేవి. ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో పనిలోంచి పుట్టిన కాలిప్సో కెమెరాను నికాన్ 1963లో నికోనాస్ పేరుతో తెచ్చింది, 2001 దాకా ఆ వరస నడిచింది. 2013లో నికాన్ 1 ఏడబ్ల్యూ1 అని 15 మీటర్ల దాకా తట్టుకునే, లెన్స్ మార్చుకునే డిజిటల్ కెమెరా వచ్చింది, దాన్నీ ఆపేశారు. ఇప్పుడు మనకున్న దారి హౌసింగే.

హౌసింగ్: ఆలోచన ఇక్కడ పెట్టండి

హౌసింగ్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పాలీకార్బొనేట్, గట్టి పారదర్శక ప్లాస్టిక్. సీఫ్రాగ్స్ లాంటి చవక హౌసింగ్‌లు ఎక్కువగా 40 మీటర్ల దాకా అని రాసుకుంటాయి, ఐకెలైట్ 60 అంటుంది. రెండోది అల్యూమినియం దిమ్మెను మరలో చెక్కినది, నౌటికామ్ లాంటివి 100 మీటర్ల దాకా. డైవింగ్ మొదటి కోర్సు చేసినవాళ్లకు 18 మీటర్లు, తర్వాతి కోర్సుకు 30 మీటర్లు హద్దు. కాబట్టి లోతు అంకె చూసి ఖరీదైనది కొనాల్సిన పని లేదు. అల్యూమినియానికి డబ్బు పెట్టేది బటన్లు వేలికి తగిలే తీరు కోసం, పోర్టుల ఎంపిక కోసం, పదేళ్ల మన్నిక కోసం. దాని ధర కెమెరా ధరకు సమానంగా ఉంటుంది, చాలాసార్లు దాటుతుంది కూడా. ప్లాస్టిక్‌లో ఒక సుగుణం ఉంది. లోపల నీటిచుక్క చేరితే కంటికి కనిపిస్తుంది.

లోతులో హౌసింగ్ ఏం మోస్తుందో ఒకసారి లెక్క కట్టండి. ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. వెనక తలుపు 15 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు అనుకుంటే 150 చదరపు సెంటీమీటర్లు. 30 మీటర్ల దగ్గర ఆ తలుపు మీద 450 కిలోలు. ఇంత బరువును ఆపి నీటిని బయటే ఉంచేది వేలిమందం కూడా లేని రబ్బరు కట్టు, ఓ-రింగ్. కుక్కర్ మూతకు గాస్కెట్ ఎలాగో దీనికి ఇది అలాగ.

ఇందులో మనసుకు వెంటనే ఎక్కని సంగతి ఒకటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ బరువు తలుపును ఓ-రింగ్ మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకే హౌసింగ్‌లు ఎక్కువగా కారేది లోతులో కాదు, నీళ్లలోకి దిగిన మొదటి రెండు మీటర్లలో. నా మొదటి హౌసింగ్ అలాగే పోయింది. పడవ మీద కార్డు మార్చడానికి తలుపు తెరిచాను. ఒళ్లంతా తడి, తువ్వాలుతో ముఖం, చేతులు తుడుచుకుని మళ్లీ మూసేశాను. దిగిన నిమిషానికే హౌసింగ్ మూల నుంచి సన్నగా బుడగలు వరసకట్టి పైకి పోవడం కనిపించింది. పైకి వచ్చేసరికి లెన్స్ సగం దాకా నీళ్లు. తర్వాత ఓ-రింగ్ తీసి వెలుతురుకు పట్టి చూస్తే తువ్వాలు దారం ఒకటి, వెంట్రుక కన్నా సన్నది, రబ్బరుకు అడ్డంగా అతుక్కుని ఉంది. ఆ ఒక్క దారానికి కెమెరా, లెన్స్ రెండూ పోయాయి. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందు రోజు రాత్రి ఇంట్లోనో, గదిలోనో, ఫ్యాన్ ఆపి, లైటు కింద కూర్చుంటాను. ఓ-రింగ్‌ను వేళ్లతో పిండి బయటికి తీస్తాను, సూదితోనో పిన్నుతోనో కాదు, గీత పడితే అంతే సంగతి. రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా జారనిస్తే ఇసుక రేణువు, పగులు కంటి కన్నా ముందు చర్మానికి తెలుస్తాయి. గాడిని దారాలు రాలని గుడ్డతో తుడుస్తాను. హౌసింగ్ కంపెనీ ఇచ్చిన గ్రీజే, రబ్బరు మెరిసేంత మాత్రమే రాస్తాను. గ్రీజు నీటిని ఆపదు, రబ్బరు మెలికపడకుండా గాడిలో కూర్చోవడానికే అది. ఎక్కువ రాస్తే దుమ్మును పిలిచి కూర్చోబెట్టినట్టే. ఏడాదికి ఒకసారి ఓ-రింగ్ మార్చేస్తాను, స్పేర్ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంటుంది.

మా ఊరి అప్పడాలు, పచ్చళ్లు ఎరిగినవాళ్లకు ఈ శ్రద్ధ కొత్త కాదు. ఆవకాయ జాడీ దగ్గరికి మా అమ్మమ్మ తడిచెయ్యి రానిచ్చేది కాదు. గరిటె కూడా పొడిబట్టతో తుడిచి చూపించాలి. హౌసింగ్ తలుపు తెరిచినప్పుడల్లా నాకు ఆ జాడీ గుర్తొస్తుంది.

వ్యాక్యూమ్ వాల్వ్ అనే సదుపాయం గురించి నొక్కి చెబుతాను. హౌసింగ్ మూశాక చిన్న చేతిపంపుతో లోపలి గాలి కొంత లాగేస్తారు. గాలి చొరబడకపోతే పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, చొరబడితే రంగు మారుతుంది. గాలికి దారి ఉంటే నీటికీ ఉన్నట్టే. రాత్రి పంపు కొట్టి పెట్టి, పొద్దున్న పచ్చలైటు చూసి బయల్దేరితే సగం టెన్షన్ ఇంట్లోనే తీరిపోతుంది. చవక హౌసింగ్‌లలో కొన్నింటికి దీన్ని విడిగా కొని బిగించుకోవచ్చు. నన్నడిగితే రెండో లెన్స్ కొనడం వాయిదా వేసి ముందు ఇది కొనండి.

కొత్త హౌసింగ్ వచ్చిన రోజే కెమెరా పెట్టి దింపకండి. లోపల తెల్ల టిష్యూ కాగితాలు మడిచి పెట్టి, తేలకుండా ఏదైనా బరువు వేసి ఒక డైవ్ అంతా మోసుకెళ్లండి. చుక్క పడినా కాగితం చెప్పేస్తుంది.

మన వైపు ఇంకో శత్రువు ఉక్క. తీరం గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది. ఆ గాలితో హౌసింగ్ మూస్తే, లోపల కెమెరా వేడెక్కి, బయట చల్లనీళ్లు తగిలి, పోర్టు లోపలివైపు ఆవిరి పడుతుంది. పెళ్లి భోజనాల దగ్గర వేడన్నం మీది మూతకు చెమట పట్టినట్టు. ఏసీ గదిలో మూసి, సిలికా జెల్ సంచి ఒకటి పెట్టండి, పడవ మీద తెరవకండి. ఎండలో పెట్టకండి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి.

వెలుగు, తర్వాత జాగ్రత్తలు

ఫ్లాష్ గురించి ఒక్కటే చూసుకోండి, కెమెరాకు సొంత ఫ్లాష్ ఉందా లేదా. ఉంటే దాని మెరుపును ప్లాస్టిక్ ఫైబర్ తీగ బయటి స్ట్రోబ్‌కు, అంటే హౌసింగ్ బయట బిగించే పెద్ద ఫ్లాష్‌కు చేరవేస్తుంది, హౌసింగ్‌కు అదనంగా చిల్లు పెట్టాల్సిన పని లేదు. లేకపోతే ఆ మెరుపు పని చేసే ఎల్ఈడీ ట్రిగ్గర్ విడిగా కొనాలి. స్ట్రోబ్‌ను లెన్స్ పక్కనే పెట్టకండి. చేయి చాపినట్టు పక్కకు, పోర్టు కన్నా కాస్త వెనక్కి పెట్టి, కాంతి అంచు మాత్రమే జీవిని తాకేలా తిప్పండి. మధ్యలో ఉన్న మడ్డికి వెలుగు తగలకపోతే చుక్కలు పడవు. మాక్రోకు ఐఎస్ఓ 200, ఎఫ్ 8 లేదా 11, షట్టర్ 1/200తో మొదలుపెట్టి స్ట్రోబ్ బలాన్ని తగ్గించుకుంటూ, పెంచుకుంటూ చూడండి.

కొనే ముందు ఆ కెమెరా వెనక తరం మోడల్‌ను కూడా వెతకండి. కొత్త బాడీలు వస్తూనే ఉంటాయి, హౌసింగ్ మాత్రం దానికే కట్టుబడి ఉంటుంది. కొన్ని ప్లాస్టిక్ హౌసింగ్‌లు ఒకే వరసలోని రెండు మూడు మోడళ్లకు సరిపోతాయి గానీ, చాలావాటికి ఒక బటన్ రెండు మి.మీ. జరిగినా పనికిరావు. అందుకే బాడీ, హౌసింగ్ జతగా అమ్మే సెకండ్‌హ్యాండ్ సామాను మనకు మంచి బేరం. కొంటే అదే మోడల్ బాడీ ఇంకొకటి కూడా చవగ్గా దొరికినప్పుడు తీసి పెట్టుకోండి. బాడీ పాడైనా హౌసింగ్ వృథా కాదు.

మనకు దగ్గరలోనే ఇంకో విషయం ఉంది. రుషికుల్యా ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలూ లక్షలుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది. కొత్త ఫ్లాష్ చేతికి రాగానే ముందు వాటి మీదే ప్రయోగించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. రాత్రి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తల్లి వెలుగు చూసి బెదిరి వెనక్కి పోతుంది. నీళ్లలో కూడా చేత్తో పగడాన్ని పట్టుకుని, జీవిని వేలితో జరిపి తీసే ఫొటో తీయకపోవడమే మేలు. తేలుతూ కదలకుండా నిలబడటం బాగా వచ్చేదాకా, కనీసం 20, 30 డైవ్‌ల దాకా కెమెరా పడవలోనే ఉంచమని మా వాడికి చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

నీళ్లలోకి కెమెరాతో దూకకండి. ముందు మీరు దిగి, పడవ మీది మనిషిని అందించమనండి. పైకి వచ్చాక హౌసింగ్ తెరవకుండానే మంచినీళ్ల బకెట్‌లో అరగంట నానబెట్టి, ప్రతి బటన్నూ పదిసార్లు నొక్కండి. లేకపోతే ఉప్పు బటన్ల కింద గట్టిపడి మర్నాటికి బిగుసుకుపోతుంది. అందరి మాస్కులూ వేసే తొట్టిలో మాత్రం పెట్టకండి, ఎవరి కొక్కెమో తగిలి తలుపు గడియ లేచిపోవచ్చు.

మా మేనల్లుడు చివరికి పాత మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ, దాని ప్లాస్టిక్ హౌసింగ్ జతగా కొన్నాడు. వ్యాక్యూమ్ వాల్వ్ బిగించుకున్నాడు. ఫిబ్రవరిలో రుషికొండలో మొదటిసారి దింపి, పైకి వచ్చి, ఒడ్డు నుంచే వీడియో కాల్ చేశాడు. హౌసింగ్ తెరిచి లోపలి టిష్యూ కాగితాన్ని ఫోన్ కెమెరాకు అడ్డంగా పట్టి చూపించాడు. ఎండలో తెల్లగా, పొడిగా ఉంది.